టీవీలో ఆంధ్రా బడ్జెట్, ఇంట్లో ఒడిశా లెక్క

2025 ఫిబ్రవరి 28 సాయంత్రం మా పక్కింటి పిన్ని చేతిలో పాసుబుక్కుతో వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఆ పాసుబుక్కు వాళ్ల అత్తగారిది. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు.

"టీవీలో పింఛను నాలుగువేలు అంటన్నారు బాబూ. మా అత్తకి వెయ్యే పడతంది. మిగతా మూడువేలు ఎవులు తినేస్తన్నారు?"

ఎవరూ తినెయ్యలేదు. టీవీ చెప్పిందీ నిజమే, పాసుబుక్కులో ఉన్నదీ నిజమే. ఆ రోజు టీవీలో వచ్చింది ఆంధ్రప్రదేశ్ బడ్జెట్. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 3.22 లక్షల కోట్ల రూపాయల లెక్క చదివారు. మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడి పక్క పల్లెలో. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మా ఇళ్లలో మాట తెలుగు, టీవీ తెలుగు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు నది అవతలి వాళ్లతోనే. కానీ రేషన్ కార్డు, పింఛను, ధాన్యం ధర, కూలి రేటు ఒడిశావి. మా రాష్ట్ర బడ్జెట్ అంతకు పదకొండు రోజుల ముందే, ఫిబ్రవరి 17న, భువనేశ్వర్‌లో ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ ప్రవేశపెట్టారు. 2.90 లక్షల కోట్లు. నాకు తెలిసినంతలో మా వీధిలో ఒక్క ఇంట్లోనూ ఆ రోజు ఒడియా చానల్ పెట్టలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైన నాటి నుంచీ ఇక్కడి తెలుగువాళ్లది ఇదే పరిస్థితి. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడికి వెళ్లినా ఇంతే. వార్త ఒక రాష్ట్రానిది, డబ్బు ఇంకో రాష్ట్రానిది. ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర పదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి. పిన్నికి ఆ సాయంత్రం సగమే చెప్పగలిగాను. మిగతా సగం తర్వాత ఏడాది పొడవునా ఆమె ఖర్చుల పుస్తకం పక్కన పెట్టుకుని చెబుతూ వచ్చాను.

ముందు ఆదాయపన్ను సంగతి, ఎందుకంటే టీవీలో గంటలు గంటలు నడిచేది అదే. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్నారు. జీతగాళ్లకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12.75 లక్షలు. అంతకుముందు ఏడాది ఇదే కొత్త విధానంలో 12 లక్షల పన్ను ఆదాయం ఉన్నవాళ్లు 80 వేలు, సెస్సుతో కలిపి 83,200 కట్టేవాళ్లు. అదంతా మిగిలింది. మా వీధిలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. అసలు ఆదాయపన్ను కట్టే ఇళ్లు రెండు. ఒకరు కాలేజీలో లెక్చరర్, ఇంకొకరు బ్యాంకు ఉద్యోగి. ఆ ఇద్దరికీ మేలు జరిగింది, సంతోషమే. మిగతా ఇరవై ఇళ్లలో ఆ వార్త వల్ల ఒక్క రూపాయి అటూ ఇటూ కదల్లేదు. అయినా ఆ రాత్రి అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు.

ఆ ఇరవై ఇళ్లు పన్ను కట్టవని కాదు. సబ్బు కొన్న ప్రతిసారీ కడతాయి. అందుకే వాళ్లకి ఫిబ్రవరి 1 కంటే ఆ ఏడాది సెప్టెంబర్ 22 పెద్ద తేదీ. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో తీసుకున్న నిర్ణయాలు ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చాయి. 12, 28 శాతం శ్లాబులు పోయి, ముఖ్యంగా 5, 18 మిగిలాయి. సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5కి దిగాయి. మందులు చాలావరకు 12 నుంచి 5కి వచ్చాయి. పిల్లల నోటుపుస్తకాల మీద పన్ను పూర్తిగా పోయింది. సిమెంటు, 350 సీసీ లోపు మోటారు సైకిళ్లు 28 నుంచి 18కి తగ్గాయి.

ఇక్కడ చాలామంది ఒక లెక్క తప్పు వేశారు. 18 నుంచి 5కి దిగితే వంద రూపాయల వస్తువు 87కి రావాలి కదా అని కొట్టువాడితో గొడవ పెట్టుకున్నవాళ్లని నా కళ్లతో చూశాను. పాపం, కొట్టువాడిది తప్పు కాదు. ప్యాకెట్ మీద ఉన్న ధరలో పన్ను ముందే కలిసి ఉంటుంది. అసలు సరుకు వంద అయితే పాత ధర 118, కొత్త ధర 105. అంటే 118 మీద 13 తగ్గింది, నూటికి 11. ఆ లెక్కన 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలు కావాలి. పర్లాకిమిడి బజార్లో యాభై అయిదు పైసలు చిల్లర ఎవరిస్తారు? అందుకే చిన్న ప్యాకెట్లలో ధర అలాగే ఉంచి బరువు పెంచే దారి చాలా కంపెనీలు పట్టాయి. కాబట్టి చిన్న ప్యాకెట్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది వెనకవైపు రాసే గ్రాములు.

పిన్ని పుస్తకంలో నెల ఖర్చు దాదాపు తొమ్మిది వేలు. అందులో పన్ను తగ్గిన సబ్బులు, పేస్టు, తలనూనె, బిస్కెట్ల లాంటివి ఆరు వందలు. ఆరు వందలకి మిగిలింది 66 రూపాయలు. అత్తగారి బీపీ, సుగర్ మాత్రలు ఐదు వందలు, అక్కడ ఇంకో 31. మొత్తం నెలకి వంద లోపే. ఇంత తక్కువ ఎందుకంటే బీద ఇంటి ఖర్చులో ఎక్కువ భాగం తిండి. కూరగాయలకి, విడిగా తూచి ఇచ్చే బియ్యం పప్పులకి ముందు నుంచీ పన్ను లేదు. వంటనూనె, చక్కెర, టీపొడి ముందూ 5 శాతమే, తర్వాతా 5 శాతమే. లేని పన్ను తగ్గదు కదా. అదే లక్ష రూపాయల బండి కొన్నవాడికి ఒక్క దెబ్బతో 7,800 దాకా మిగిలింది. తగ్గింపు అందరికీ ఒకటే శాతం, కానీ ఎక్కువ ఖర్చు పెట్టగలిగిన ఇంటికే ఎక్కువ చేరింది. దీన్ని మోసం అనను. పండగ చేసుకున్నంత మార్పు మాత్రం మా వీధిలో కనిపించలేదు.

బీడీలు చుట్టే తునికాకు సంగతి కూడా అలాంటిదే. ఇక్కడ కెందు పత్రం అంటారు. రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి అడవుల్లో వేసవి వస్తే ఊళ్లకి ఊళ్లే ఆకు కోతకి వెళతాయి. ఆకు మీద జీఎస్టీ 18 నుంచి 5కి తగ్గింది, ఒడిశాకి ఇది పెద్ద వార్తే. కానీ ఇక్కడ ఆకు వ్యాపారం 1973 నుంచి ప్రభుత్వం చేతిలో ఉంది. పన్ను తగ్గింపు ఆకు కొనే వ్యాపారి బిల్లులో కనిపిస్తుంది. కోసిన మనిషికి కట్టకి ఎంత అన్నది రాష్ట్రం విడిగా నిర్ణయించాలి.

ఇక అసలు నొప్పి దగ్గరికి వస్తాను. బడ్జెట్ ప్రసంగంలో ఎక్కడా వినపడని కాగితాలు రెండు పిన్ని వంటింటిని గట్టిగా తాకాయి.

మొదటిది నూనె. 2024 సెప్టెంబర్ నెల మధ్యలో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల దిగుమతి సుంకం సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. సోయాబీన్ రైతుకి మంచి ధర రావాలన్నది ఉద్దేశం. మనం తినే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది కాబట్టి ఆ సుంకం నేరుగా మూకుట్లోకి వచ్చింది. 2025 మే నెలాఖరులో దాన్ని 16.5కి తగ్గించారు. పెంచిన రోజూ తగ్గించిన రోజూ బడ్జెట్ లేదు, ఒక్క నోటిఫికేషన్ వచ్చిందంతే. పిన్ని పుస్తకంలో ఆ మధ్య లీటరు మీద పాతిక రూపాయల తేడా కనిపిస్తోంది. నెలకి మూడు లీటర్లంటే 75.

రెండోది గ్యాస్. 2025 ఏప్రిల్ 8న సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగింది, ఉజ్వల కనెక్షన్ వాళ్లకి కూడా. ఆగస్టులో ఉజ్వల రాయితీ 300 కొనసాగిస్తామన్నారు గానీ ఏడాదికి 12 సిలిండర్ల బదులు 9కే అన్నారు. పిన్ని ఇంట్లో ఏడాదికి ఏడు వాడతారు కాబట్టి ఆ కోత తగల్లేదు, పెంపు తగిలింది. ఏడు యాభైలు మూడువందల యాభై.

ఇప్పుడు రాబడి వైపు చూద్దాం. పిన్ని ఉపాధి పనికి వెళుతుంది. ఆ కూలి రేటు ఏటా మార్చి నెలాఖరులో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ప్రకటిస్తుంది, ఏప్రిల్ 1 నుంచి అమలు. 2025-26కి ఒడిశాలో 254 నుంచి 273 అయ్యింది. పందొమ్మిది రూపాయల పెంపు. ఆ ఏడాది ఆమెకి దొరికిన పని నలభై రోజులు, అంటే అదనంగా వచ్చింది 760. నూనెకి ఏడాదికి 900, గ్యాస్‌కి 350 పక్కన రాసి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "అయితే పెరిగినట్టా, తగ్గినట్టా బాబూ?" అంది. ఈ మూడు అంకెలే చూస్తే తగ్గినట్టే అని చెప్పాల్సి వచ్చింది.

అదే పని నది అవతల చేస్తే 307. ఒకటే మట్టి, ఒకటే తట్ట. ఈ తేడా ఎలా వచ్చిందో చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2014-15లో ఆంధ్రలో 169, ఒడిశాలో 164. ఐదు రూపాయలే తేడా. 2020-21కి 237, 207 అయ్యాయి. 2024-25లో 300, 254. ఐదు రూపాయల తేడా నలభై ఆరు అయ్యింది. 2025లో మన వైపు 19, అటు 7 పెరగబట్టి మళ్లీ 34కి దిగింది. దీని వెనక ఉన్నది ఒక గుణకారం. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు వ్యవసాయ కూలీల ధరల సూచీ ఎంత పెరిగితే పాత కూలి అంత శాతం పెంచుతారు. ఆ కూలితో ఒక మనిషి బతకగలడా అన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా లేదు. పైగా ఆ సూచీకి ఆధార సంవత్సరం 1986-87. మొబైల్ రీచార్జ్, ట్యూషన్ ఫీజు అనే ఖర్చులు కూలి ఇళ్లలోకి రాకముందు కుదిరిన సరుకుల జాబితా అది. 2019 ఆధారంగా కొత్త సూచీ రావడానికి 2025 మధ్య దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంకో తేడా ఒక్క రాష్ట్రంలోనే ఉంది. ఒడిశా ప్రభుత్వం 2024లో నైపుణ్యం లేని పనికి కనీస వేతనం 352 నుంచి 450 చేసింది. ప్రైవేటు యజమాని అంతకంటే తక్కువ ఇస్తే నేరం. కానీ ఉపాధి చట్టంలోని 6వ సెక్షన్ కనీస వేతనాల చట్టంతో సంబంధం లేకుండా రేటు నిర్ణయించే వీలు కేంద్రానికి ఇచ్చింది. అందువల్ల 2025-26లో ప్రభుత్వమే 273కి పని చేయించుకుంది. డబ్బు పదిహేను రోజుల్లో పడాలి, ఆలస్యమైతే రోజుకి 0.05 శాతం పరిహారం. 273 మీద ఆ పరిహారం రోజుకి పద్నాలుగు పైసలు కూడా కాదు.

కనీస వేతనం పెరిగిన చోట మాత్రం నిజంగా తేడా కనిపించింది. పిన్ని కొడుకు రాయగడ వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు. వాడి పే స్లిప్పు నేనే చూశాను. 352 లెక్కన 26 రోజులకి 9,152. పీఎఫ్ 12 శాతం 1,098, ఈఎస్‌ఐ 69 పోగా చేతికి 7,985. 450 అయ్యాక 11,700, పీఎఫ్ 1,404, ఈఎస్‌ఐ 88 పోగా 10,208. నెలకి 2,223 ఎక్కువ. అంటే ఆ ఇంటికి ఏ బడ్జెట్ కంటే కూడా రాష్ట్ర కార్మిక శాఖ ఇచ్చిన ఆ ఒక్క ఉత్తర్వు ఎక్కువ చేసింది. కానీ ఉత్తర్వు వచ్చాక నాలుగు నెలలు వాడికి పాత రేటే పడింది. కాంట్రాక్టర్‌ని అడిగితే "ఆర్డర్ ఇంకా రాలేదు" అన్నాడట. ఆర్డర్ ఒడియాలో ఉంది, వాడికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ప్రింటు తీసి చేతికిచ్చి, కింద ఉన్న అంకెలకి గీత గీసి పంపాను. తర్వాతి నెల నుంచి 450 పడింది. వెనకటి బకాయి ఇంతవరకూ రాలేదు. ఒడిశాలో పనిచేసే మన పిల్లలు ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న స్లిప్పు తప్పకుండా చూసుకోవాలి. ధరలతో పాటు కనీస వేతనంలో మారే డీఏ కలిసేది ఆ రెండు తేదీల్లోనే.

పెట్రోలు దగ్గర మాత్రం మా వైపే లాభం. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిదే. ఒడిశాలో పెట్రోలు మీద 28 శాతం. ఆంధ్రలో 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే ఇచ్ఛాపురం దాటగానే గిరిసోల బంకుల్లో, ఇటు మా ఊరి బంకుల్లో ఏపీ 30, ఏపీ 39 నంబర్ల బళ్లు వరస కట్టి ఉంటాయి.

ధాన్యం కూడా అంతే. 2025-26లో కేంద్రం మద్దతు ధర క్వింటాకి 2,369. దాని మీద ఒడిశా 800 కలిపి 3,169 ఇచ్చింది. ఇరవై క్వింటాళ్లకి 16 వేలు ఎక్కువ, చిన్న విషయం కాదు. అయితే ఆ డబ్బు మండీలో రిజిస్టరైన పేరు మీదే పడుతుంది. కౌలుకి చేసేవాళ్లకి భూమి కాగితం యజమాని దగ్గర ఉంటుంది కాబట్టి ఆ 800 గురించి ఇద్దరి మధ్యా ముందే మాట ఉండాలి. తేమ ఉంది, తాలు ఉంది అని క్వింటాకి ఐదు కిలోలు కోసుకుంటే 158 రూపాయలు అక్కడే పోతాయి. ఇక్కడ దాన్ని కట్నీ-ఛట్నీ అంటారు, ఏటా అదే గొడవ.

మళ్లీ పింఛను దగ్గరికి వస్తాను, పిన్ని అడిగింది అదే కాబట్టి. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధులకి, వితంతువులకి నెలకి 4,000. ఒడిశాలో వెయ్యి. ఎనభై దాటినవాళ్లకి మాత్రం 3,500 చేశారు. పిన్ని అత్తగారికి ఇంకా ఆరేళ్లు ఉంది. మరోవైపు ఒడిశాలో సుభద్ర పథకం ఉంది. 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి పది వేలు, రాఖీ పౌర్ణమికి ఐదు, మార్చి 8 మహిళా దినోత్సవానికి ఐదు, అయిదేళ్లలో 50 వేలు. 2024 సెప్టెంబర్ 17న మొదలైంది. పిన్నికి ఆ డబ్బు పడుతోంది. ఆ పది వేలు లేకపోతే నూనె, గ్యాస్ లెక్క ఇంకా కష్టంగా ఉండేది. కానీ అరవై దాటగానే అది ఆగిపోతుంది. అరవై నుంచి ఎనభై మధ్య, ఒళ్లు సహకరించడం మానేసే ఆ ఇరవై ఏళ్లకి మిగిలేది నెలకి వెయ్యి.

డబ్బు లేక వెయ్యి ఇస్తున్నారని కూడా అనుకోలేను. ఒడిశా దాదాపు రెండు దశాబ్దాలుగా రెవెన్యూ మిగులు చూపిస్తున్న రాష్ట్రం, గనుల ఆదాయం ఉన్న రాష్ట్రం. ఆంధ్ర లోటు బడ్జెట్‌తోనే నాలుగు వేలు ఇస్తోంది. అప్పు చేసి ఇవ్వడం మంచిదా, మిగులు పెట్టుకుని ఇవ్వకపోవడం మంచిదా అని ఆర్థికవేత్తలు వాదించుకోవచ్చు. డెబ్బై నాలుగేళ్ల మనిషికి వెయ్యి సరిపోదన్నది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

కొందరు దీనికి అడ్డదారి వెతుకుతారు, పాతపట్నంలో చుట్టాల ఇంటి చిరునామాతో అక్కడ కార్డు రాయించుకుందామని. ఆధార్ ఒక్కటే కాబట్టి రెండో చోట పేరు ఎక్కగానే మొదటి చోట పట్టుబడుతుంది, ఉన్న వెయ్యి కూడా ఆగిపోతుంది. పిన్నికి ఈ ఒక్క మాట మాత్రం గట్టిగానే చెప్పాను. బియ్యానికి ఆ బెంగ అక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ కింద మనిషికి నెలకి ఐదు కిలోలు ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు.

ఉపాధి పనిలో ఇంకో పెద్ద మార్పు వస్తోంది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు పాత ఉపాధి చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజుల బదులు 125 రోజులన్నారు. ఇంతవరకూ కూలి డబ్బంతా కేంద్రమే ఇచ్చేది, ఇక నుంచి ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. నాట్లు, కోతల కాలంలో అరవై రోజుల దాకా పని ఆపే వీలు కూడా పెట్టారు. నాట్లప్పుడు పొలం పని దొరికే ఊళ్లకి ఇది పెద్దగా తగలకపోవచ్చు. కొండ మీది ఊళ్లలో అంత పొలం లేదు, అక్కడ ఆ అరవై రోజులూ ఏం చేస్తారన్నదే నా బెంగ. 125 రోజులన్నది నిజమవుతుందో లేదో భువనేశ్వర్ బడ్జెట్‌లో దానికి ఎంత రాశారన్న దాన్ని బట్టి తెలుస్తుంది. ఇంతకుముందు ఒడిశా బడ్జెట్‌లో మనం చూడక్కర్లేని లెక్క ఇది, ఇప్పుడు చూడాలి.

ఈ సంగతి చెబితే పిన్ని పుస్తకంలో రాసుకుంది. ఉపాధి రేటు కాగితం పంచాయతీ ఆఫీసు గోడకి ఒడియాలోనే అంటిస్తారు. ఆమె మనవడు ఒడియా మీడియంలో ఆరో తరగతి చదువుతున్నాడు. ఈసారి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి చదివించుకుంటానంటోంది.